జి షార్ప్ నొక్కితే జి ఎందుకు పలుకుతోంది? అంటుకుపోయిన శాక్సోఫోన్ ప్యాడ్‌ని ఇంట్లోనే సరిచేసుకోవడం

ఈరోజు ఎపిసోడ్ శాక్సోఫోన్ వాయించేవాళ్ళ కోసం. క్లారినెట్, ఫ్లూట్ వాళ్ళకి కూడా పనికొస్తుంది. ఎక్కడ తేడా ఉందో అక్కడ విడిగా చెప్తాను.

ప్రాబ్లమ్ ఇది. రాత్రి బాగానే వాయించి కేస్‌లో పెట్టారు. పొద్దున తీసి, ఎడమ చేతి చిటికెన వేలితో జి షార్ప్ కీ నొక్కారు. కీ కిందికి వెళ్ళింది, వేలికి ఏ తేడా తెలియలేదు. కానీ పలికింది మాత్రం జి. ఇంకోసారి గట్టిగా నొక్కారు. మళ్ళీ జి. మూడోసారికి ‘చప్’ మని చిన్న సౌండ్ వచ్చి, అప్పుడు జి షార్ప్ పలికింది.

అర స్వరమే కదా, ఏముందిలే అనుకోకండి. ఒక లెక్క చెప్తాను. ఆల్టో శాక్స్ మీద ‘ఇ’ నోట్‌ని షడ్జమంగా పెట్టుకుని మోహనం వాయిస్తున్నారు అనుకుందాం. స రి గ ప ద, అయిదే స్వరాలు. మోహనంలో ఉండేది అంతర గాంధారం. అది కరెక్ట్‌గా ఈ జి షార్ప్ మీదే పడుతుంది. ప్యాడ్ అంటుకుని జి పలికిందంటే అది సాధారణ గాంధారం అయిపోయింది. మిగతా నాలుగు స్వరాలూ అవే. ఇప్పుడు ఈ అయిదూ కలిపితే ఏ రాగం? శివరంజని. పెళ్ళి మండపంలో సంతోషంగా మొదలైన మోహనం, మీ ప్రమేయం ఏమీ లేకుండా శివరంజనిలోకి జారిపోయింది. ముందు వరసలో కూర్చున్న పెద్దాయనకి కీ అంటుకుందని తెలియదు కదా. వాయించేవాడికి రాగం రాదనుకుంటాడు. తర్వాతి పెళ్ళికి ఇంకో పార్టీని పిలుస్తారు.

కద్రి గోపాల్‌నాథ్ గారు మైసూరు ప్యాలెస్ బ్యాండ్‌లో ఈ వాయిద్యం విని, దాన్ని కర్ణాటక సంగీత కచేరీ దాకా తీసుకొచ్చారు. ఆయన 1949లో పుట్టి 2019లో పోయారు. ఇప్పుడు మన దగ్గర పెళ్ళిళ్ళలో, గుళ్ళలో, బరాత్‌లో శాక్స్ కొత్త కాదు. కానీ రిపేర్ చేసేవాళ్ళు ఊరికొకరు కూడా ఉండరు. అందుకే ఈ చిన్న పని మీ చేతికి రావాలి.

ఎపిసోడ్ మొత్తంలో ఒక్క మాట గుర్తుంటే చాలు. అంటుకున్న ప్యాడ్‌కి బలం పెంచడం మందు కాదు, మధ్యలో ఉన్న జిగురు పొరని తీసెయ్యడమే మందు. ఎందుకో చూద్దాం.

ప్యాడ్ లోపల ఏముంటుంది?

శాక్స్ ఒంటి నిండా రంధ్రాలుంటాయి. వాటిని టోన్ హోల్స్ అంటారు. వేలితో మూయలేనంత పెద్దవి, వేలికి అందనంత దూరంలో ఉన్నవి. అందుకే ఒక్కో దాని మీద ఇత్తడి మూత పెట్టారు. ఆ మూతని కప్ అంటారు. ఆల్టో శాక్స్‌లో ఇలాంటివి పాతిక దాకా ఉంటాయి.

ఇత్తడి అంచు మీద ఇత్తడి మూత పెడితే గాలి ఆగదు. అందుకే కప్ లోపల మెత్తటి ప్యాడ్ ఉంటుంది. వెనకాల అట్ట, మధ్యలో ఫెల్ట్, పైన పల్చటి తోలు, ఆ తోలు మధ్యలో రెసొనేటర్ అనే చిన్న బిళ్ళ. టోన్ హోల్ అంచు ఈ తోలు మీద గుండ్రంగా కూర్చుంటుంది. తోలు మీద సన్నటి వలయంలా గాడి పడుతుంది. చూసే ఉంటారు.

ప్యాడ్ కప్‌లో ఎలా నిలబడుతుంది? సంప్రదాయంగా వాడేది లక్క. అవును, మన ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసే ఆ లక్కే, శుద్ధి చేసిన రూపంలో. కొన్నిట్లో వేడి చేస్తే కరిగే గ్లూ వాడతారు. ఈ లక్క సంగతి గుర్తుపెట్టుకోండి. స్పిరిట్ గురించి మాట్లాడేటప్పుడు దీంతో పని ఉంది.

ఎప్పుడూ జి షార్ప్‌కే ఎందుకు?

పాతిక ప్యాడ్‌లు ఉంటే ఎప్పుడూ ఒకటో రెండో మాత్రమే అంటుకుంటాయి. గమనించారా? జి షార్ప్, కింది సి షార్ప్, కింది ఇ ఫ్లాట్. దీనికి కారణం ఉంది.

శాక్స్‌లో కీలు రెండు రకాలు. మొదటి రకం మామూలుగా తెరిచి ఉంటాయి, వేలు నొక్కితే మూసుకుంటాయి. రెండో రకం మామూలుగా మూసి ఉంటాయి, నొక్కితే తెరుచుకుంటాయి. జి షార్ప్ ఈ రెండో రకం. వాయించి కేస్‌లో పెట్టాక రాత్రంతా తెరిచి ఉన్నవి ఆరిపోతాయి. మూసి ఉన్నవి తడిగానే, అంచుకి అదుముకునే ఉంటాయి. పచ్చడి జాడీ మూత తుడవకుండా పెట్టేస్తే మర్నాడు ఎలా పట్టుకుంటుందో, అలాగన్నమాట.

మరి మూసి ఉండే కీలలో కూడా జి షార్ప్ ఎందుకు ఎక్కువ ఏడిపిస్తుంది? ఇ ఫ్లాట్ తీసుకోండి. అక్కడ మీ వేలు నొక్కే రేకు, కప్పు ఒకే రాడ్‌కి ఉంటాయి. తూగుడు బల్ల లాగా, ఇటు నొక్కితే అటు లేస్తుంది. కాస్త అంటుకున్నా మీ వేలి బలమే దాన్ని ఊడదీస్తుంది. ‘టిక్’ మంటుంది, కొంచెం ఆలస్యం అవుతుంది, కానీ స్వరం వస్తుంది.

జి షార్ప్‌లో అలా కాదు. అందులో రెండు ముక్కలు, రెండు స్ప్రింగ్‌లు. మీ వేలి కింద ఉన్న లివర్‌కి గట్టి స్ప్రింగ్. అది కప్‌ని నొక్కిపెట్టి మూసి ఉంచుతుంది. కప్‌కి విడిగా ఒక బలహీనమైన స్ప్రింగ్. అది ఎప్పుడూ కప్‌ని పైకి లేపాలనే చూస్తుంటుంది. మీరు కీ నొక్కినప్పుడు మీ వేలు కప్‌ని లేపడం లేదు. దాన్ని నొక్కిపెట్టిన లివర్‌ని పక్కకి తప్పిస్తోంది, అంతే. లేపే పని మొత్తం ఆ బలహీనమైన స్ప్రింగ్‌దే.

ఇప్పుడు అర్థమైందా గట్టిగా నొక్కినా లాభం ఎందుకు లేదో? మీ బలం అక్కడిదాకా వెళ్ళదు. లివర్ దారి వదిలేసింది, స్ప్రింగ్ లాగుతోంది, జిగురు వదలట్లేదు. జిగురు బలం స్ప్రింగ్ బలం కంటే కొంచెం ఎక్కువైతే చాలు, ప్యాడ్ కదలదు.

మరి స్ప్రింగ్ ఇంత బలహీనంగా ఎందుకు పెట్టారు? కుడి చేతి వేళ్ళు ఎఫ్, ఇ, డి మూసినప్పుడు ఎఫ్ షార్ప్ కప్ దగ్గర నుంచి వచ్చే చిన్న చెయ్యి ఒకటి జి షార్ప్ కప్‌ని కూడా నొక్కిపెడుతుంది. చిటికెన వేలు అక్కడే ఉంచి మిగతా వేళ్ళు కదిలించినా స్వరం మారడానికి ఈ ఏర్పాటు. కప్ స్ప్రింగ్ గట్టిగా ఉంటే ఇదంతా బరువైపోతుంది. అంటే అది లోపం కాదు, డిజైన్ అలాంటిది.

ఇక్కడే కొత్తవాళ్ళకి ఒక హెచ్చరిక. కుడి చేతి వేళ్ళు నొక్కి ఉంచి జి షార్ప్ కీ నొక్కితే కప్ లేవదు. లేవకూడదు కూడా. అది చూసి అంటుకుపోయిందని కంగారు పడకండి. కుడి చెయ్యి తీసేసి టెస్ట్ చెయ్యండి.

అసలు అంటించేది ఏంటి?

నోటి గాలి వెచ్చగా, తేమగా ఉంటుంది. చల్లటి ఇత్తడికి తగలగానే నీరుగా మారుతుంది. దానికి ఉమ్మి తుంపరలు తోడు. ఉత్తి నీళ్ళే అయితే ఆరిపోతే గొడవ లేదు. సమస్య దాంతో పాటు వెళ్ళే చక్కెర.

పెళ్ళి పార్టీ సీన్ ఊహించుకోండి. వాయించే ముందు టీ. బ్రేక్‌లో కూల్ డ్రింక్. భోజనంలో లడ్డూ. తర్వాత కిళ్ళీ. నోరు కడుక్కోకుండా మళ్ళీ శాక్స్ అందుకుంటారు. ఆ చక్కెర తుంపరలతో లోపలికి వెళ్ళి టోన్ హోల్ అంచు మీద చేరుతుంది. నీరు ఆరుతున్న కొద్దీ అది చిక్కబడుతుంది. అరిసెల కోసం పాకం పట్టడం చూశారుగా? నీరు తగ్గే కొద్దీ రెండు వేళ్ళ మధ్య తీగ సాగుతుంది. మీ ప్యాడ్‌కి, అంచుకి మధ్య జరుగుతున్నది అదే. ఎంత పల్చగా ఉన్నా తీగ పాకమే.

చక్కెర ఒక్కటే కాదు. దుమ్ము, తోలు నుంచి వచ్చే మడ్డి, ఇత్తడి మీద పట్టే ఆకుపచ్చ చిలుము కూడా అంచు మీద పేరుకుంటాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్ళలో, వానాకాలంలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ప్యాడ్ త్వరగా ఆరదు. ప్రాబ్లమ్ ఇంకా ఎక్కువ కనిపిస్తుంది.

ముందు టెస్ట్, తర్వాతే రిపేర్

బగ్ ఎక్కడుందో తెలియకుండా కోడ్ మారిస్తే ఏమవుతుందో నాలాంటి వాళ్ళకి బాగా తెలుసు. ఇక్కడా అంతే. కీ సరిగ్గా లేవకపోవడానికి కారణాలు చాలా ఉంటాయి. ప్యాడ్ అంటుకోవచ్చు, స్ప్రింగ్ స్థానం తప్పి ఉండొచ్చు, రాడ్ వంగి ఉండొచ్చు, కీలులో మురికి పట్టి ఉండొచ్చు. మూడు టెస్ట్‌లు చెప్తాను. టూల్స్ అక్కర్లేదు.

మొదటిది, చెవి టెస్ట్. వాయించకుండా కీని నెమ్మదిగా నొక్కండి. ‘చప్’ అనో ‘టక్’ అనో తడి స్టిక్కర్ ఊడిన సౌండ్ వస్తే అది జిగురు. ఏ సౌండూ లేకుండా బద్ధకంగా లేస్తుంటే కీలు, రాడ్, స్ప్రింగ్ వైపు చూడాలి.

రెండోది, ఫోన్ టెస్ట్. నాకు బాగా నచ్చింది ఇదే. ఫోన్‌ని దేనికైనా ఆనించి పెట్టి, కప్ పక్క నుంచి కనిపించేలా స్లో మోషన్ వీడియో తీయండి. సెకనుకి 240 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేము దాదాపు 4 మిల్లీ సెకన్లు. ఇప్పుడు వీడియో చూడండి. లివర్ కదిలింది, కప్ కొన్ని ఫ్రేముల పాటు కదల్లేదు, తర్వాత ఒక్కసారిగా ఎగిరింది. ఇదీ అంటుకోవడం. లివర్‌తో పాటే కప్ కూడా బయల్దేరింది, కానీ దారంతా మెల్లగా వెళ్ళింది. అది అంటుకోవడం కాదు, రాపిడో, స్ప్రింగో.

మూడోది, ఆగి చూసే టెస్ట్. జి షార్ప్ కీ నొక్కి పట్టుకుని, ఇంకో చేతి వేలితో కప్‌ని మెత్తగా మూసి వెంటనే వదలండి. ఠక్కున లేచిందా? స్ప్రింగ్ బాగుంది. ఇప్పుడు వాయిద్యాన్ని గంటసేపు పక్కన పెట్టి మళ్ళీ కీ నొక్కండి. ఈసారి మొదటి నొక్కుకి లేవకపోతే దోషి జిగురే.

మూడు టెస్ట్‌లూ జిగురు వైపే వేలు చూపిస్తేనే ముందుకెళ్దాం.

శుభ్రం చేసే పద్ధతి

ఏమేం కావాలి? సిగరెట్ చుట్టుకునే రోలింగ్ పేపర్. పాన్ డబ్బాలో, కిళ్ళీ కొట్లో దొరుకుతుంది. ఇంట్లో వాళ్ళు చూస్తే ఎందుకో ముందే చెప్పేయండి! దూది ఉన్న ఇయర్ బడ్స్, బ్లూటూత్‌వి కాదు. కొంచెం మంచి నీళ్ళు, ఆర్వో నీళ్ళైతే మేలు. కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ఫోన్ రిపేర్ షాపుల్లో బోర్డులు తుడిచేది ఇదే, ఐపీఏ అంటారు. ఒక మెత్తటి టవల్. వాయిద్యం కంపెనీలు ప్యాడ్ క్లీనింగ్ పేపర్ అని విడిగా అమ్ముతాయి. అది దొరికితే ఇంకా మంచిది.

రోలింగ్ పేపర్‌కి ఒక అంచున గమ్ ఉంటుంది. ఆ అంచుని కత్తిరించి పారేయండి. లేకపోతే జిగురు తీయబోయి కొత్త జిగురు పెట్టినవాళ్ళమవుతాం.

మొదటి మెట్టు, పొడి కాగితం. శాక్స్‌ని టవల్ మీద పడుకోబెట్టండి. కీ నొక్కి కప్ లేపి, ప్యాడ్‌కి టోన్ హోల్‌కి మధ్య కాగితం పెట్టండి. కీ వదిలేసి, కప్ మీద మెత్తగా ఒత్తి పది సెకన్లు ఆగండి. మళ్ళీ కీ నొక్కి కాగితం తీయండి. చూస్తే వలయంలా తడి, గోధుమ రంగు మరక కనిపిస్తుంది. కాగితం జరిపి, మరక రానంత వరకూ చెయ్యండి. మూసి ఉండగా కాగితాన్ని బర్రున లాగకండి. తోలు పైపొర అరిగిపోతుంది.

రెండో మెట్టు, తడి కాగితం. పొడి కాగితం తడిని పీలుస్తుంది కానీ ఆరిపోయిన చక్కెరని తీయలేదు. చక్కెర దేంట్లో కరుగుతుంది? నీళ్ళలో. కాబట్టి కాగితం ముక్కని నీళ్ళతో కొద్దిగా చెమ్మగా చెయ్యండి. నీరు కారకూడదు, తాకితే చల్లగా తెలియాలి, అంతే. పెట్టండి, మెత్తగా ఒత్తండి, అయిదు సెకన్లు, తెరిచి తీయండి. వెంటనే పొడి కాగితంతో అద్దండి. రెండు మూడు సార్లు చాలు. తోలుని నానబెట్టొద్దు. నానితే ఉబ్బుతుంది, ఆరాక గట్టిపడుతుంది, గాలి లీక్ మొదలవుతుంది.

మూడో మెట్టు, టోన్ హోల్ అంచు. ఎక్కువమంది వదిలేసేది ఇదే. ప్యాడ్ ఎంత తుడిచినా అంచు మీద మడ్డి అలాగే ఉంటే రెండు రోజుల్లో కథ మళ్ళీ మొదటికొస్తుంది. ఇయర్ బడ్‌ని ఐపీఏలో ముంచి, టిష్యూ మీద ఒత్తి దాదాపు పొడిగా చెయ్యండి. కీ తెరిచి పట్టుకుని, అంచు చుట్టూ నెమ్మదిగా తిప్పండి. బడ్ నల్లగానో ఆకుపచ్చగానో వస్తుంది. మార్చి ఇంకోటి. తెల్లగా వచ్చేదాకా.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. స్పిరిట్ చుక్కలు కారి కప్‌లోకి వెళ్ళకూడదు. చెక్క సామాన్లకి పాలిష్ పెట్టేవాళ్ళు లక్కని కరిగించేది స్పిరిట్‌లోనే. మీ ప్యాడ్‌ని పట్టుకున్నది కూడా లక్కే కావచ్చు అన్నాను కదా. అది కరిగితే ప్యాడ్ పక్కకి జరుగుతుంది, అప్పుడు చిన్న రిపేర్ పెద్దదవుతుంది. అలాగే కొన్ని వాయిద్యాల పైపూత స్పిరిట్‌కి పాడవుతుంది. ముందు కనపడని చోట చుక్క పెట్టి చూడండి. పక్కన అగరొత్తి, దీపం, స్టవ్ ఏవీ వెలుగుతూ ఉండకూడదు.

నాలుగో మెట్టు, ఆరనివ్వడం. చిన్న కాగితం మడత పెట్టి కప్‌ని తెరిచి ఉంచి, ఫ్యాన్ గాలికి అరగంట వదిలేయండి. ఎండలో పెట్టొద్దు, హెయిర్ డ్రయ్యర్ అసలే వద్దు. వేడికి లక్క మెత్తబడుతుంది.

తర్వాత ఇందాకటి మూడో టెస్ట్ మళ్ళీ చెయ్యండి. గంట తర్వాత మొదటి నొక్కుకే లేచిందంటే పని అయిపోయింది.

చెయ్యకూడనివి

నలుగురూ చెప్పే చిట్కాలు కొన్ని ఉన్నాయి. ఎందుకు వద్దో కారణంతో సహా చెప్తాను.

టాల్కం పౌడర్. అద్దగానే అద్భుతంగా పనిచేస్తుంది, నిజమే. రెండు గంటలు. తర్వాత ఆ పౌడర్ తేమతో కలిసి ముద్దవుతుంది. చక్కెర పాకంలో పిండి కలిపినట్టు. పైగా కీలుల్లోకి వెళ్ళి రాడ్‌లని పట్టేస్తుంది. స్టేజ్ ఎక్కే ముందు వేరే దారి లేకపోతే పొడి కాగితంతో అద్దుకుని వెళ్ళండి, చాలు.

కొబ్బరి నూనె, కుట్టు మిషన్ నూనె, తుప్పు వదిలించే స్ప్రే. వీటిల్లో ఏదీ ప్యాడ్‌కి తగలకూడదు. తోలు నూనె పీల్చుకుంటుంది, దుమ్ముని పట్టుకుంటుంది, ఇంకా జిగురవుతుంది. నూనె అనేది కీలు రాడ్‌ల దగ్గర మాత్రమే, అది కూడా సూది మొనంత.

హ్యాండ్ శానిటైజర్. ఆల్కహాలే కదా అని వాడతారు. చేతులు పొడిబారకుండా చాలా శానిటైజర్లలో గ్లిజరిన్ కలుపుతారు. ఆల్కహాల్ ఎగిరిపోతుంది, గ్లిజరిన్ అక్కడే జిగురుగా మిగులుతుంది.

నెయిల్ పాలిష్ రిమూవర్. అందులో అసిటోన్ ఉంటే వాయిద్యం పైపూతే ఊడొస్తుంది.

కరెన్సీ నోటు. విదేశీ వీడియోల్లో డాలర్ నోటు పెట్టి లాగడం చూసి, మనవాళ్ళు పది రూపాయల నోటు పెడతారు. ఎన్ని చేతులు మారిన నోటో, దాని మీద ఎంత జిడ్డుందో ఆలోచించండి. గరుకు కూడా. ప్యాడ్‌ని గీరుతుంది.

సాండ్ పేపర్. టోన్ హోల్ అంచు చదునుగా ఉంటేనే గాలి ఆగుతుంది. ఒక చోట అరిగిందంటే ఏ ప్యాడూ మూయలేదు.

చివరిది, అన్నిటికంటే ఖరీదైనది. స్ప్రింగ్ వంచి బలం పెంచడం. కప్ స్ప్రింగ్‌ని గట్టి చేస్తే ఏమవుతుంది? లివర్ స్ప్రింగ్ దాన్ని పూర్తిగా మూయలేదు. ప్యాడ్ వెంట్రుక వాసి తెరుచుకుని ఉంటుంది. ఇప్పుడు జి షార్ప్ బాగానే వస్తుంది, కానీ మామూలు జి పీలగా, గాలి గాలిగా పలుకుతుంది. సరే అని లివర్ స్ప్రింగ్ కూడా గట్టి చేస్తారు. ఇప్పుడు చిటికెన వేలికి నొప్పి. ఈలోపు సూది లాంటి ఆ ఉక్కు స్ప్రింగ్ విరగనూ వచ్చు. మొదట ఉన్నది కాగితం ముక్కతో పోయే జిగురు మాత్రమే. అందుకే అన్నాను, బలం పెంచడం మందు కాదని.

క్లారినెట్, ఫ్లూట్ వాళ్ళకి

మీ ప్యాడ్‌లు వేరు. ఎక్కువగా ఫెల్ట్ మీద చాలా పల్చటి పొర చుట్టి ఉంటుంది. జంతువుల పేగు పొరతో చేస్తారు, ఉల్లిపొర లాగా ఉంటుంది. తడి కాగితం, స్పిరిట్ రెండూ ఈ ప్యాడ్‌కి తగలనివ్వొద్దు. పొడి రోలింగ్ పేపర్ పెట్టి, మెత్తగా అద్ది, కీ తెరిచాకే తీయండి. లాగితే పొర చిరుగుతుంది. చిరిగితే ప్యాడ్ మార్చడమే.

క్లారినెట్‌లో ఇంకో తేడా గుర్తుపట్టాలి. వాయిస్తుంటే ‘గురగుర’ మని నీటి బుడగ సౌండ్ వస్తే అది అంటుకోవడం కాదు, టోన్ హోల్‌లో నీళ్ళు చేరాయి. పై ముక్కలో ఉండే సి షార్ప్ రంధ్రంలో ఇది తరచూ జరుగుతుంది. కాగితం పెట్టి నీరు పీల్చేసి, లోపల గుడ్డతో తుడిస్తే పోతుంది. చెక్క క్లారినెట్ అయితే ఎక్కడా నీళ్ళు పోయకండి.

ఫ్లూట్‌లో కూడా జి షార్ప్ మూసి ఉండే కీనే. అదే జబ్బు, మందు పొడి కాగితం మాత్రమే. మన వెదురు వేణువు వాళ్ళకి మాత్రం ఈ తలనొప్పి లేదు. వేలే వాళ్ళ ప్యాడ్!

మళ్ళీ రాకుండా

ఇదంతా నెలకోసారి చెయ్యాల్సిన అవసరం రాకూడదు. అలవాట్లు నాలుగు.

వాయించే ముందు నోరు పుక్కిలించండి. టీ తాగినా, స్వీట్ తిన్నా, కిళ్ళీ వేసినా, నీళ్ళతో రెండుసార్లు. మొత్తం ఎపిసోడ్‌లో అన్నిటికంటే చవకైన రిపేర్ ఇదే.

వాయించాక లోపల గుడ్డ లాగి తుడవండి. ఆ తడి గుడ్డని కేస్‌లో పెట్టి మూసేస్తే తేమ అక్కడే ఉంటుంది. బయట ఆరేయండి.

కేస్‌లో పెట్టే ముందు జి షార్ప్, సి షార్ప్, ఇ ఫ్లాట్, ఈ మూడు కీల కింద పొడి కాగితంతో ఒక్కసారి అద్దండి. నిమిషం కూడా పట్టదు.

ప్రోగ్రామ్ ముందు శాక్స్ మెడలో వేసుకోగానే ఈ మూడు కీలూ ఒకసారి నొక్కి చూడండి. అంటుకుని ఉంటే అక్కడే తెలిసిపోతుంది. మైక్ ముందు తెలియడం కంటే అది నయం.

ఎప్పుడు రిపేర్ దగ్గరికి వెళ్ళాలి?

పై పద్ధతి రెండుసార్లు చేసినా వారం తిరక్కుండా మళ్ళీ అంటుకుంటే ప్యాడ్‌ని జాగ్రత్తగా చూడండి. తోలు నల్లబడి గట్టిపడిందా? వలయం గాడి లోతుగా దిగిపోయిందా? అంచున చిరిగిందా? ఫెల్ట్ బయటికి కనిపిస్తోందా? వీటిల్లో ఏది ఉన్నా ఆ ప్యాడ్ ఆయుష్షు అయిపోయినట్టే. శుభ్రం చేసి లాభం లేదు, మార్చాలి.

ప్యాడ్ మార్చడం ఇంట్లో చేసే పని కాదు. కప్‌ని వేడి చేసి పాతది తీయాలి, సరైన మందం ఉన్నది పెట్టాలి, చుట్టూ ఒకే ఒత్తిడితో కూర్చోబెట్టాలి. తర్వాత చీకట్లో శాక్స్ లోపలికి లైట్ దించి ఎక్కడైనా వెలుగు కారుతోందా అని చూస్తారు. అనుభవం ఉన్న చెయ్యి కావాలి. అయితే మీరు వెళ్ళి ‘అన్నా, జి షార్ప్ రావట్లేదు’ అని ఊరుకోకండి. ‘స్ప్రింగ్ బాగానే ఉంది, శుభ్రం చేశాను, అయినా అంటుకుంటోంది, తోలు గట్టిపడింది’ అని చెప్పండి, స్లో మోషన్ వీడియో కూడా చూపించండి. ఆయన పని సగం అయిపోతుంది. అక్కర్లేని స్ప్రింగ్‌లు మార్చి బిల్లు పెంచే అవకాశం కూడా ఉండదు.

సెకండ్ హ్యాండ్ శాక్స్ కొనేవాళ్ళకి కూడా ఒక మాట. అమ్మే మనిషి మీరు వెళ్ళకముందే వాయించి ఉంచితే అంటుకున్న ప్యాడ్ బయటపడదు. తీసుకోగానే కప్‌ల కింద చూడండి, పౌడర్ తెల్లగా కనిపిస్తే దేన్నో దాచారని అర్థం. అరగంట కబుర్లు చెప్పి, తర్వాత మళ్ళీ జి షార్ప్ నొక్కండి. ఆ ఒక్క నొక్కు మీకు చాలా డబ్బులు మిగల్చొచ్చు.

ఓకే ఫ్రెండ్స్. పొడి కాగితం, చెమ్మ కాగితం, అంచు, ఆరబెట్టడం. ఇదే ఆర్డర్. మీ బ్యాండ్‌లో, మీ మ్యూజిక్ క్లాస్‌లో ఎవరైనా ఇదే కీతో కుస్తీ పడుతుంటే ఈ పేజీ వాళ్ళకి పంపించండి. ముఖ్యంగా పౌడర్ డబ్బా జేబులో పెట్టుకుని తిరిగేవాళ్ళకి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఈలోపు స్వీట్ తిన్నాక పుక్కిలించడం మర్చిపోకండి!